మేనేజరు గారి వెనక కాలు

9 ఆగస్టు 2004, సోమవారం

కొట్టు లెక్కలు కొట్టు పుస్తకంలో ఉంటాయి. ఇది వేరే పుస్తకం. ఇందులో రూపాయల ఊసు రాయను. ఇరవై రెండేళ్ళుగా పగలంతా రాసేది అదే. ఇంటికొచ్చి కూడా అదే రాస్తే మా ఆవిడ దీనమ్మ నన్ను కొట్లోనే పడుకోమంటుంది.

ఈ రోజు భాస్కరరావు గారు గదిలోకి పిలిచేరు. కొబ్బరి కొట్టు యజమాని గుమాస్తాని గదిలోకి పిలిచేరంటే తప్పైనా దొరికి ఉండాలి, ఇంగ్లీషు ఉత్తరమైనా వచ్చి ఉండాలి. ఉత్తరమే. విశాఖపట్నం నుంచి వాళ్ళ బావగారు ముత్యాలరాజు గారు రాసేరు. ఆయన కుక్కల పోటీలు పెట్టే సంఘానికి కార్యదర్శి. నవంబరు పద్నాలుగున, పిల్లల రోజున, అంతర్జాతీయ జూనియర్ డాగ్ ఎజిలిటీ పోటీ జరపాలిట. అంటే కుక్కలు గొట్టాలు దూరి, కర్రల మధ్యనించి, వంతెన మీంచి గడియారం ప్రకారం పరిగెత్తే ఆట. వాటిని పరిగెత్తించేది పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు. పెద్ద ఊళ్ళన్నీ కాదన్నాక బావగారికి బావమరిది ఊరు గుర్తొచ్చింది.

"కొత్తపేటలో ఇంటర్నేషనల్ పెడతన్నామయ్యా దానం," అన్నారు భాస్కరరావు గారు. "కొట్టు వెనక ఎకరం చాలదూ?"

"చాలుద్దండి."

"మన మేనేజరు కప్పు కొడతాడా?"

మేనేజరు గారంటే కుక్క. మూడేళ్ళ క్రితం కొట్లో పీచు గుట్ట మీద పుట్టేరు. ఒళ్ళంతా తెలుపు, ఒక చెవి నలుపు. పిల్లప్పట్నించీ బల్లెక్కి కూర్చుని పనివాళ్ళని చూస్తూ ఉండేవారు, తను మాత్రం ఏ పనీ ముట్టేవారు కాదు. కాయలు వలిచే రాజబాబు వాళ్ళు ఆ పేరు పెట్టేరు. పేరు పెట్టేక గారు అనక తప్పలేదు. ఇప్పుడు నాకూ అలవాటైపోయింది.

పొద్దున్న నాతో కొట్టుకొస్తారు, సాయంత్రం నాతో ఇంటికొస్తారు. మా అమ్మాయి హేమ తొమ్మిదో తరగతి. రెండేళ్ళ క్రితం ఎవరింట్లోనో టీవీలో ఈ ఆట చూసొచ్చి ఆయనకి నేర్పడం మొదలెట్టింది. గోనెసంచులు కుట్టి గొట్టం చేసేను. సరుగుడు కర్రలు పాతేను. అప్పుడు కుక్క ఎవరిదని ఎవరూ అడగలేదు. ఫిబ్రవరిలో రాజమండ్రిలో మొదటి బహుమతి వచ్చి పేపర్లో ఫోటో పడ్డాక, "మా కొట్లో పుట్టింది," అన్నారు భాస్కరరావు గారు. నిజమే. కొట్లోనే పుట్టేరు.

"కప్పు కొడితే బావగారికిస్తానని మాటిచ్చేనయ్యా," అన్నారు ఈ రోజు. "విశాఖలో మేడ, తోట, దానికో గది. కొట్టలేదనుకో, ఓడిన కుక్క నాకెందుకు? నువ్వే తోలుకుపో."

"ఆయ్," అన్నాను.

హేమకి సగం చెప్పేను. పోటీ సంగతి చెప్పేను. విశాఖ సంగతి చెప్పలేదు. నాకేం లేదు. కుక్క ఎక్కడున్నా కుక్కే.

12 ఆగస్టు, గురువారం

రూల్సు పుస్తకం వచ్చింది. నలభై మూడు పేజీల ఇంగ్లీషు. నా చదువు ఏడో తరగతిలో ఆగింది, మిగతాది డిక్షనరీ చెప్పింది. పన్నెండు పేజీలయ్యేయి.

అన్నిటికన్నా చిక్కు వంతెన. నాలుగడుగుల ఎత్తు, అడుగు వెడల్పు. ఇటు ఎక్కి అటు దిగాలి. రెండు చివర్లా మూడడుగుల మేర పసుపు రంగు ఉంటుంది. దిగేటప్పుడు ఆ పసుపు మీద కుక్క ఒక్క కాలైనా పెట్టాలి. పెట్టకుండా పైనించి దూకేస్తే జడ్జి అరచెయ్యి పైకెత్తుతాడు. అది అయిదు తప్పుల కింద లెక్క. కప్పు మీద ఆశ వదులుకోవచ్చు.

మేనేజరు గారు దూకేస్తారు. నేర్పినవాడిదే తప్పు. మా ఇంటి వెనక పంటకాలవ మీద కొబ్బరి దుంగ ఉంది, దాని మీద నేర్పించేను. అవతలి గట్టున బురద. ఆయనవి తెల్ల కాళ్ళు, బురద గిట్టదు. చివరి గజం ఎగిరి గట్టు మీదకి దూకడం అలవాటైపోయింది. రాజమండ్రిలో వంతెన లేదు కాబట్టి బయటపడలేదు.

17 ఆగస్టు, మంగళవారం

పడవలు చేసే ఏసుపాదం కొలతల ప్రకారం వంతెన చేసిచ్చేడు. "దీని కింద నీళ్ళేవి?" అని అడిగేడు. కుక్క కోసం అంటే, దానికి ఈత రాదా అన్నాడు.

పసుపు చివర కొబ్బరి ముక్క పెట్టి నడిపించేం.

పదిసార్లు. కాలు పెట్టింది 2.

24 ఆగస్టు

పది. 2. ముక్క మటుకు పదీ తిన్నారు.

31 ఆగస్టు

పది. 4. ఒకటి అనుమానం. వేసేసుకున్నాను.

5 సెప్టెంబరు, ఆదివారం

గుడి నుంచి వస్తూ హేమ అడిగింది.

"నాన్నా, కప్పు కొడితే మేనేజరు గారిని విశాఖ పంపేత్తారంట కదా?"

"ఎవరు చెప్పేరు?"

"రాజబాబు మామయ్య. కొట్లో అందరికీ తెలుసంట. నీకూ తెలుసంట."

"కొడితే కదా."

"అంటే? కొట్టొద్దంటావా?"

"అనలేదు."

దీనమ్మ బైబిలు చంక మార్చుకుని, "మీ నాన్న ఏదీ అనరు లేవే," అంది. "అనకుండానే అన్నీ చేసుకొత్తారు. నన్ను చేసుకున్నదీ అలాగే."

దీనమ్మకి ఆ కుక్కంటే పడదు. తలుపు దగ్గర అడుగు పెట్టనివ్వదు. చేప తలకాయలు మటుకు రోజూ ఆయనకే మిగులుతున్నాయి.

7 సెప్టెంబరు

హేమ ప్రాక్టీసుకి రాలేదు. నేనొక్కణ్ణే నడిపించేను. మేనేజరు గారు వంతెన మధ్యలో కూర్చుని నన్నే చూసేరు, కొట్లో చూసినట్టే.

9 సెప్టెంబరు, గురువారం

వచ్చింది. తలకి నూనె రాసుకుని జడ బిగించి మరీ వచ్చింది.

"ఓడిపోవాలని పరిగెత్తడం నాకు చేతకాదు నాన్నా. మేనేజరు గారికి కూడా అవమానం. కొట్టేద్దాం. తర్వాత సంగతి తర్వాత."

"ఆయ్," అన్నాను.

పది. 6.

ఎవరు కోరుకున్నట్టు వాళ్ళకవుతుంది. నాకేం లేదు.

20 సెప్టెంబరు

బ్యానర్లొచ్చేయి. భాస్కరరావు గారి తల బస్సు చక్రమంత. పక్కన బావగారి తల. కింద కుడివైపు మూల ఒక కుక్క, మనది కాదు, మన దేశంది కూడా కాదు. ఇంగ్లీషు సరిచూడమన్నారు. సరిగానే ఉందన్నాను. కుక్క సంగతి అడగలేదు, చెప్పలేదు.

8 అక్టోబరు, శుక్రవారం

విదేశాల జాబితా వచ్చింది. శ్రీలంక నుంచి ఇద్దరు పిల్లలు, నేపాల్ నుంచి ఒక పిల్ల, మలేసియా నుంచి ఒక పిల్లాడు. మనవాళ్ళు ఏడుగురు. జడ్జి కొలంబో నుంచి పెరీరా మేడం.

"మూడు దేశాలు!" అని భాస్కరరావు గారు మండపేట దాకా ఫోన్లు చేసేరు.

సాయంత్రం ఇంకో కాగితం వచ్చింది. పిల్లలు వస్తారుట, కుక్కలు రావుట. ఓడలకీ విమానాలకీ కుక్కల కాగితాలు కుదరలేదుట. వచ్చిన పిల్లలకి ఇక్కడి కుక్కల్ని అరువివ్వాలి. పిల్లలు అంతర్జాతీయం, కుక్కలు తూర్పుగోదావరి.

నేపాల్ పిల్లకి మండపేట మిల్లు వాళ్ళ కుక్కని కుదిర్చేం. దాని పేరు టైగరు. మిల్లులో ఎలకల్ని చూసి పారిపోద్దని రాజబాబు అన్నాడు.

27 అక్టోబరు

పది. 9.

3 నవంబరు

పది. 10.

4 నవంబరు

పది. 10.

8 నవంబరు, సోమవారం

ఇరవై. 20. ముక్క పెట్టకుండా. ముందరి కాళ్ళతో దూకినా వెనక ఎడమ కాలు మటుకు పసుపు మీద ఆనించి తన్నుకుంటున్నారు. చూడాలంటే కిందకి వంగి చూడాలి. అలవాటైన కంటికి తెలుస్తుంది.

విశాఖలో సముద్రపు గాలి. కుక్కల ఒంటికి మంచిదే అయ్యుంటుంది.

10 నవంబరు, బుధవారం

పెరీరా మేడం వచ్చేరు. అరవై ఏళ్ళుంటాయి. కాన్వాసు బూట్లు, మెడలో ఈల. కారు దిగి నమస్కారాలవీ కాకుండా తిన్నగా వంతెన దగ్గరికెళ్ళి టేపు పెట్టి కొలిచేరు. సరిపోయింది. కొలిచిందెవరని అడిగితే నన్ను చూపించేరు. రూల్సు అడిగేరు. చెప్పేను. నా ఇంగ్లీషు ఆవిడకి అర్థమైంది, ఆవిడది నాకు అర్థమైంది. ఇద్దరికీ ఆశ్చర్యమే.

ఒక మాట అన్నారు, మనసులో ఉండిపోయింది. అనుమానంగా ఉంటే చెయ్యి ఎత్తకూడదు. చూసేను అని గట్టిగా అనుకున్నప్పుడే ఎత్తాలి. అనుమానం ఎప్పుడూ కుక్క వైపు.

నన్ను బరిలో తన సహాయకుడిగా పెట్టుకున్నారు. మా అమ్మాయి పరిగెడుతుందని చెప్పేను. "మీరు ఎత్తేది పరుగు మొదలెట్టమనే గుడ్డ జెండాయే కదా, తప్పు చూపించే చెయ్యి కాదు కదా," అన్నారు.

12 నవంబరు, శుక్రవారం

దీపావళి. మేనేజరు గారు పొద్దుటిదాకా మంచం కిందే. దీనమ్మ కూడా అక్కడే పడుకుంది, నడుం నొప్పని.

13 నవంబరు, శనివారం

భాస్కరరావు గారింట్లో విదేశీ అతిథులకి భోజనాలు. ఆయన భార్య మహాలక్ష్మమ్మ గారు దగ్గరుండి వడ్డించేరు. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, పెరుగావడలు, పూతరేకులు. పిల్లలు తెలివైనవాళ్ళు, లేచిపోయేరు. పెరీరా మేడం మర్యాదస్తురాలు. ఎంత చాలన్నా ఇంకా పడుతూనే ఉంది. మన దగ్గర చాలు అని నోటితో అంటే సరిపోదు, రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాలి. ఆవిడకి అది ఎవరూ చెప్పలేదు. నాకు తోచింది. నా వంతు కాదని ఊరుకున్నాను.

పదకొండో పూతరేకు దాకా లెక్కపెట్టేను.

14 నవంబరు, ఆదివారం

వరసగా రాస్తాను.

ఏడు గంటలకి కబురు. పెరీరా మేడం మంచం మీంచి లేవలేకపోతున్నారు. వెళ్ళేను. మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి ఈల మెడలోంచి తీసి నా చేతిలో పెట్టేరు. మా అమ్మాయి ఉందండి అని మళ్ళీ చెప్పేను. వేరే దారి లేదు, ఆ సంగతి రిపోర్టులో రాస్తానన్నారు.

భాస్కరరావు గారైతే, "పరిగెట్టేది మీ అమ్మాయి, కుక్క నాది. నువ్వెవరివయ్యా మధ్యలో?" అన్నారు. ఆయన లెక్క అది.

ఎనిమిదిన్నరకి ముఖ్య అతిథి గారొచ్చేరు. వంతెన ఎక్కి ఫోటో దిగుతానన్నారు. ఆయన ఎక్కితే ఇంకో నలుగురు ఎక్కాలి కదా. దిగే వైపు బల్ల విరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏసుపాదం అరగంటలో కొత్త బల్ల బిగించేడు, కాని రంగు? పండగెళ్ళిన ఆదివారం, కొట్లన్నీ మూసేసున్నాయి. బల్ల తెల్లగా ఉంది. పసుపు లేకపోతే బరి చెల్లదు.

మహాలక్ష్మమ్మ గారు, "పసుపే కదా?" అని లోపలికెళ్ళి గిన్నెడు పసుపు ముద్ద కలుపుకొచ్చేరు. గడపకి రాసినట్టు మూడడుగులూ దట్టంగా రాసేసేరు. మధ్యలో అయిదు కుంకం బొట్లు కూడా పెట్టేరు. రూల్సులో బొట్లు లేవండీ అని తుడిచేను. ఆవిడకి నచ్చలేదు. బరిలో మిగతా పసుపంతా పెయింటు, ఈ మూడడుగులూ వంట పసుపు.

పోటీ మొదలెట్టేం. శ్రీలంక పిల్లాడికిచ్చిన లాబ్రడారు గొట్టంలో దూరి లోపలే పడుకుంది. మలేసియా పిల్లాడి కుక్క బరి వదిలేసి పకోడీల బండి దగ్గరికెళ్ళింది. ఉప్పలగుప్తం నుంచొచ్చిన పిల్ల కర్రల దగ్గర దారి మర్చిపోయింది, కుక్క మర్చిపోలేదు. నేపాల్ పిల్ల మటుకు టైగర్ని నలభై ఒక్క సెకన్లలో తప్పు లేకుండా తెచ్చింది. నేపాలీలో ఏదో చెప్తూనే ఉంది, అది వింటూనే ఉంది. దిగిన కుక్కలన్నిటికీ కాళ్ళకి పసుపు. పేరంటానికి వెళ్ళొచ్చినట్టున్నాయని జనం నవ్వేరు.

హేమ ఆఖరు.

ఈల ఊదేను. "పదండి మేనేజరు గారూ!" అంది. జనం మళ్ళీ నవ్వేరు. దూకేరు, దూకేరు, గొట్టంలో దూరేరు. "రండి, రండి, ఇటండీ!" కర్రల్లో పాములా వెళ్ళేరు. రాజబాబు గడియారం పట్టుకుని పక్కన అరుస్తున్నాడు. వంతెన ఎక్కేటప్పటికి ఇరవై ఆరు సెకన్లు. ఎలా లెక్కేసినా ముప్ఫై ఎనిమిదికి వచ్చేస్తారు. కప్పే.

వంతెన పక్కన వంగి నుంచున్నాను. చివర ముందరి కాళ్ళతో దూకేరు. ఆ నిమిషంలో ఎండ కళ్ళల్లో పడింది. వెనక కాలు నాకు కనపళ్ళేదు.

చెయ్యి ఎత్తేను.

ముప్ఫై ఎనిమిదీ నాలుగు. అయిదు తప్పులు. జనంలో ఎవరో, "సొంత కూతురికే ఎత్తేడ్రా!" అన్నారు. చప్పట్లు మొదలయ్యేయి. నా జీవితంలో నాకు కొట్టిన మొదటి చప్పట్లు.

హేమ చప్పట్లు పట్టించుకోలేదు. పరిగెత్తుకెళ్ళి మేనేజరు గారిని ఎత్తుకుని చున్నీలో చుట్టేసింది, మొహం ఆయన మెడలో దాచుకుంది. పాపం, ఏడ్చిందనుకుంటాను.

కప్పు నేపాల్ వెళ్ళింది. బావగారు ఫోటో దిగి మధ్యాహ్నమే కారెక్కేరు. భాస్కరరావు గారు నా భుజం మీద చెయ్యేసేరు. "నికార్సైన మనిషివయ్యా," అన్నారు. "కుక్కని తోలుకుపో."

"ఆయ్," అన్నాను.

15 నవంబరు, సోమవారం

పేపర్లో పడింది. బిడ్డనైనా వదలని జడ్జి అని. ఫోటోలో నా చెయ్యి పైకి ఉంది. చూసిన ప్రతివాడూ ఆగి మాట్లాడుతున్నాడు. ఎండ కళ్ళల్లో పడిందని ఎవరికీ చెప్పలేదు. అడగలేదు కదా.

మేనేజరు గారు పొద్దున్న నా వెనకే కొట్టుకొచ్చి బల్లెక్కి కూర్చున్నారు. ఎవరికీ ఏమీ తేడా కనపళ్ళేదు. నాకు కనపడింది. ఇప్పుడాయన మా మనిషి.

హేమ ఆయన వెనక కాలికి నా పాత మేజోడు కట్టింది. ముల్లు దిగిందిట.

16 నవంబరు

వాన. మేజోడు ఉంది.

17 నవంబరు

వాన. నేను చూస్తానంటే హేమ చూడనివ్వలేదు. కుంటడం లేదే అన్నాను. "చిన్న ముల్లు," అంది.

18 నవంబరు

పోటీ ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైంది. హేమ వంతు పదింపావుకి. వంతెన దగ్గర నేను పడమటి మొహంగా నుంచున్నాను. ఊరికే రాస్తున్నాను.

19 నవంబరు, శుక్రవారం

హేమ స్కూలుకెళ్ళేక మేజోడు విప్పేను. ముల్లు లేదు.

వెనక ఎడమ కాలు. వేళ్ళు, వేళ్ళ సందులు, మడమ దాకా పసుపు. మిగతా మూడు కాళ్ళూ తెల్లగా ఉన్నాయి. పెయింటు కాదు, వంట పసుపు. మా గడపకి పసుపు రాయం. కొట్టు గడపకీ లేదు. బరిలో ఆ మూడడుగుల బల్ల తప్ప ఆయన కాలికి పసుపు అంటుకునే చోటు ఇంకోటి లేదు.

కడిగేద్దామని బట్టల సబ్బు పెట్టి రుద్దేను. ఎర్రగా అయిపోయింది. పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టు, ఒక్క కాలికి. ఎంత రుద్దితే అంత ఎరుపు. మేనేజరు గారు కాలు నా చేతిలోనే ఉంచి నన్ను చూస్తున్నారు.

సాయంత్రం హేమ చూసి పుస్తకాల సంచి కింద పెట్టింది.

"సబ్బు పెట్టేవా నాన్నా?"

"నీకు తెలుసా?"

"ఎత్తుకున్నప్పుడే చూసేను. అందుకే చున్నీ చుట్టేను."

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కప్పు మనకిచ్చేవారు కదా." మేనేజరు గారి కాలు ఒళ్ళో పెట్టుకుని, "గెలవాలనే పరిగెత్తేను నాన్నా. ఒట్టు. నువ్వు చెయ్యెత్తేక గెలవాలనిపించలేదు," అంది.

దీనమ్మ వంటింట్లోంచి, "ఇద్దరూ ఇద్దరే," అంది. దానికీ తెలుసన్నమాట. మేజోడు ఉతికి ఆరేస్తున్నది అదే.

"నేను చూళ్ళేదు హేమా," అన్నాను. "ఎండ పడింది కళ్ళల్లో."

"ఆయ్ నాన్నా," అంది. నా ఆయ్ లాగే అంది.

20 నవంబరు, శనివారం

చెప్పేద్దామని వెళ్ళేను. మేనేజరు గారిని కూడా తీసుకెళ్ళేను, సాక్ష్యం ఆయన కాలే కాబట్టి. దారంతా మాటలు కూర్చుకున్నాను. తప్పు జరిగిపోయిందండి, కుక్క మీదండి, ఆ నేపాల్ పిల్లకి ఉత్తరం రాద్దామండి. మూడే వాక్యాలు.

భాస్కరరావు గారు అమలాపురం వెళ్ళేరుట. అరుగు మీద మహాలక్ష్మమ్మ గారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. మేనేజరు గారు తిన్నగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని కాలు చాపేరు.

ఆవిడ చూసేరు. కాలుని చూసేరు, నన్ను చూసేరు, మళ్ళీ కాలుని చూసేరు.

"సబ్బుతో కడిగేరా దానం గారూ?"

"ఆయ్."

"పసుపుని సబ్బుతో కడిగితే అంతేనండి. ఎండలో పెట్టాలి. ఎండకే పోద్ది."

"అమ్మగారూ, నేను అయ్యగారితో..."

"విశాఖలో మా అన్నయ్యకి ఇంతకు ముందు ఇచ్చినవి రెండు కుక్కలు." చిక్కుడుకాయ ఈనె లాగి పక్కన పడేసేరు. "ఫోటో దిగేదాకే ముద్దు. తర్వాత ఒకటి వాచ్‌మెన్ దగ్గర, ఒకటి ఎక్కడుందో నాకు తెలీదు. మావారు అడిగితే గదిలో ఉందంటారు."

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

"వారం రోజులు ఎండలో కట్టండి. ఈలోగా ఈ వీధికి తీసుకురాకండి. నే పెట్టిన బొట్లు తుడిచేసేరు చూడండీ, అది మటుకు నాకు బాధగా ఉంది."

మూడు వాక్యాలూ వెనక్కి తెచ్చుకున్నాను.

21 నవంబరు

ముసురు. ఎర్రగానే ఉంది.

22 నవంబరు

ముసురు. అలాగే. కొట్టుకి మేజోడుతోనే వస్తున్నారు. ముల్లు ఇంకా రాలేదా అని రాజబాబు అడిగేడు.

24 నవంబరు

మధ్యాహ్నం గంట ఎండ. డాబా మీద గొడుగు అడ్డం పెట్టి ఆయనకి నీడ, కాలికి ఎండ. హేమా నేనూ వంతులేసుకున్నాం.

27 నవంబరు, శనివారం

మంచి ఎండ. ఎరుపు పోయి లేత పసుపు.

30 నవంబరు

తెలుపు. దీనమ్మ మేజోడు పొయ్యిలో పడేసింది. మేనేజరు గారు ఇంట్లోకొచ్చి చాప మీద పడుకున్నారు. దీనమ్మ చాప సర్దింది.

8 డిసెంబరు, బుధవారం

పెరీరా మేడం నుంచి ఉత్తరం. మా ఇంటి చిరునామాకే, నా పేరు మీదే వచ్చింది. శ్రీ దానం గారికి అని. వచ్చే మే నెలలో మలేసియాలో పెద్ద పోటీ, పధ్నాలుగు దేశాలు. నన్ను జడ్జిగా పిలుస్తున్నారు. ఈసారి కుక్కలు కూడా వస్తాయిట. రూల్సు తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు, సొంత కూతురి మీద చెయ్యెత్తేవాళ్ళు ఆవిడకి ఇప్పటిదాకా తగల్లేదుట.

భాస్కరరావు గారు ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నారు. "వెళ్ళవయ్యా! కొత్తపేట నుంచి జడ్జి!" మళ్ళీ బ్యానరు వేయిస్తానన్నారు.

హేమ మేనేజరు గారి చెవి దువ్వుతూ నా వైపే చూస్తోంది.

10 డిసెంబరు, శుక్రవారం

జవాబు రాసేను. డిక్షనరీ అయిదుసార్లు తీసేను. ఆహ్వానానికి కృతజ్ఞతలు, నాకు చూపు సరిగా ఆనడం లేదు, జడ్జి పనికి పనికిరాను, మన్నించండి అని. నేపాల్ పిల్ల చాలా బాగా పరిగెత్తించింది, ఆ సంగతి మటుకు తప్పకుండా ఆ పిల్లకి చెప్పండి అని కూడా రాసేను. అది నిజం. పోస్టు చేసి వచ్చేను.

హేమ చదివింది. "కళ్ళజోడు పెట్టించుకుంటావా మరి?" అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. తర్వాత ఇద్దరం నవ్వేం.

కొట్టు పుస్తకంలో తప్పు పడితే చెరపం. ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెడతాం. కింద ఏముందో కనపడుతూనే ఉండాలి. ఇప్పుడే వెనక్కి తిప్పి నవంబరు పద్నాలుగు తీసేను. ఎండ కళ్ళల్లో పడింది అన్న దగ్గర గీత కొట్టేను. సంతకం పెట్టేను.

పదింపావుకి పడమటి మొహంగా నుంచున్నవాడికి ఎండ వీపు మీద పడుతుంది.

చూపు బాగానే ఉంది. ఆ రోజూ బాగానే ఉంది.